ఒక్క చెవి విన్న చప్పుడు

గుండె జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లో బీరువాలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంటుంది. ఈసీజీ కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు, టూడీ ఎకో రిపోర్టులు, రక్తపరీక్షల చీటీలు అందులో తేదీల వారీగా దొంతర పేర్చి ఉంటాయి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ సంచీని అలాగే తెచ్చి బల్ల మీద పెడతారు. గోదావరి జిల్లాల్లో డాక్టరుగా బతికినవాణ్ణి కాబట్టి అలాంటి సంచీలు విప్పి చూడటంలోనే నా వయసు గడిచింది. వాటిలో నాకు దొరకనిది ఒక్కటే. ఆ మనిషి గుండె చప్పుడు.

ఆలోచిస్తే ఇది వింతగానే ఉంటుంది. గుండె జబ్బని అనుమానం వచ్చిన మనిషికి మొట్టమొదట చేసే పరీక్ష వినడమే. డాక్టరు స్టెతస్కోపు పెట్టి వింటాడు, ఓపీ చీటీ మీద ఒక వాక్యం రాస్తాడు. "అపెక్స్ దగ్గర సిస్టాలిక్ మర్మర్, గ్రేడు 3/6." అంతే. ఆ మర్మర్ (గుండె చప్పుళ్ళ మధ్య వినబడే ఊదుడు లాంటి మోత) మెత్తగా ఉందా, గరుకుగా ఉందా, మొదటి చప్పుడును మింగేసిందా, చంక వైపు పాకిందా? వీటిలో ఏ ఒక్కటీ ఆ చీటీలోంచి మళ్ళీ వినబడదు. ఆ ఆరు గ్రేడుల లెక్క 1933లో బోస్టన్ వైద్యుడు శామ్యూల్ లెవైన్, తన సహచరుడు ఫ్రీమన్‌తో కలిసి పెట్టింది. చాలా ఉపయోగపడిన లెక్కే. కానీ అది చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. ఎక్స్‌రే ఉంది, ఈసీజీ ఉంది, ఎకో ఉంది. చప్పుడు మాత్రం విన్న ఒక్క చెవిలోనే ఆగిపోయింది. డిజిటల్ స్టెతస్కోపు వచ్చి చేసిన అసలు మేలు దాన్ని ఆ సంచీలోకి తీసుకురావడమేనని నా నమ్మకం. దానిలోని కృత్రిమ మేధ గురించి అందరూ మాట్లాడుతున్నారు. నేనూ మాట్లాడతాను గానీ, నా లెక్కలో అది రెండో సంగతి.

నేను పీజీ చదివే రోజుల్లో మా ప్రొఫెసరు గారు రౌండ్స్‌లో ఒక మంచం దగ్గర ఆగితే చాలాసేపు కదిలేవారు కాదు. "కళ్ళు మూసుకో. మొదటి చప్పుడు పక్కన పెట్టు. రెండో చప్పుడు కూడా పక్కన పెట్టు. ఆ తర్వాత ఖాళీలో ఏముందో ఇప్పుడు విను" అనేవారు. మిట్రల్ వాల్వు సన్నబడిన రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు బెల్ వైపును ఒత్తకుండా ఛాతీ మీద ఊరికే ఆనించి వింటే, రెండో చప్పుడు కాగానే 'టప్' మని ఒక చిన్న చప్పుడు, దాని వెనకే దూరంగా చెక్క వంతెన మీద బండి దొర్లినట్టు ఒక మోత. ఆయన విని, మాలో ఒక్కొక్కరికీ చోటిచ్చేవారు. వినబడిందా అని ఆయన అడిగితే కాదనే ధైర్యం ఏ క్లాసులోనూ ఎవరికీ ఉండేది కాదు. ఆయన విన్నదే మేమూ విన్నామా అన్నది తేల్చే మార్గం ఆయనకూ లేదు, మాకూ లేదు. ఆయన పోయారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ చెవులు పోగుచేసుకున్న చప్పుళ్ళన్నీ ఆయనతోపాటే పోయాయి.

ఒంటి లోపలి కదలికను మరొకరికి అందించడం ఎప్పుడూ కష్టమే. మన వైద్యం చెవికంటే వేలికి పెద్దపీట వేసింది. శార్ఙ్గధర సంహిత వాతనాడిని జలగ, పాము నడకలతో పోల్చింది. పిత్తనాడికి కాకి, కప్ప గంతులను, కఫనాడికి హంస, పావురం నడకలను చెప్పింది. మూడు వేళ్ళ కింద తెలిసినదాన్ని శిష్యుడికి అందించడానికి గురువుకు అంతకుమించి దారి లేదు. వేలు అరువివ్వలేం కదా, పోలికైనా ఇవ్వాలి.

స్టెతస్కోపు పుట్టించిన రెనే లెన్నెక్‌ది కూడా అదే అవస్థ. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో ఆయన దగ్గరికి గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటి పద్ధతి ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినడం. వయసులో ఉన్న ఆడపిల్ల దగ్గర అది మర్యాద కాదనుకుని, కొన్ని కాగితాలను గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొసను ఆమె ఛాతీ మీద, రెండో కొసను తన చెవికి పెట్టుకున్నాడు. చెవి ఆనించి విన్నప్పటికంటే స్పష్టంగా వినబడింది. తర్వాత చెక్కతో గొట్టాలు తనే చేసుకున్నాడు. మూడేళ్ళపాటు వార్డుల్లో విన్నదంతా, చనిపోయినవాళ్ళ శరీరాలు కోసి చూసినదంతా కలిపి 1819లో పుస్తకం వేశాడు. అందులో గుండె చప్పుళ్ళ తేడాలు చెప్పడానికి ఆయన కొలిమి తిత్తిని, రంపాన్ని, ఆకురాయిని అరువు తెచ్చుకున్నాడు. చేతికి తగిలే అదురును పిల్లి గురగురతో పోల్చాడు. 1826లో క్షయతో పోయేనాటికి ఆయన వయసు 45. క్షయ ఛాతీలో ఎలా వినబడుతుందో ప్రపంచానికి నేర్పిన మనిషి ఆ జబ్బుకే పోయాడు.

ఆయన గురించి మరో సంగతి నాకు మరీ ముఖ్యం. లెన్నెక్ రెండు చప్పుళ్ళనూ సరిగ్గానే విన్నాడు. రెండో దానికి చెప్పిన కారణం మాత్రం తప్పు. గుండె పైగదులు ముడుచుకోవడం వల్ల అది పుడుతుందనుకున్నాడు. వాల్వులు మూసుకోవడం వల్లే ఈ చప్పుళ్ళు పుడతాయని 1832లో రువానే అనే మరో ఫ్రెంచి వైద్యుడు ప్రతిపాదించాడు. చెవి నిజమే చెప్పింది, అర్థం చెప్పడంలో పొరపాటు జరిగింది. అర్థాలు మారుతూనే ఉంటాయి, రేపు ఇంకా మారతాయి. అందుకే అర్థంతోపాటు చప్పుడును కూడా దాచాలి. ఈ రోజు ఏమీ లేదనుకుని వదిలేసిన చప్పుడులో పదేళ్ళ తర్వాత వచ్చే వైద్యుడికి ఏదైనా దొరకవచ్చు. "నార్మల్" అని రాసిన చీటీలో అతనికి ఏమీ దొరకదు.

గుండె చప్పుడు అంటే లబ్‌డబ్ అని అందరికీ తెలుసు. మొదటి చప్పుడైన లబ్ పైగదులకూ కిందిగదులకూ మధ్య ఉన్న మిట్రల్, ట్రైకస్పిడ్ వాల్వులు మూసుకునేటప్పటిది. రెండో చప్పుడైన డబ్ అయోర్టిక్, పల్మొనరీ వాల్వులు మూసుకునేటప్పటిది. ఈ డబ్ నిజానికి ఒక్కటి కాదు. కుర్రవాళ్ళ ఛాతీ మీద, ఎడమవైపు రెండో పక్కటెముక కింద స్టెతస్కోపు పెట్టి, "ఊపిరి నెమ్మదిగా లోపలికి పీల్చు బాబూ" అంటే ఆ డబ్ రెండుగా చీలుతుంది. ఊపిరి పీల్చినప్పుడు కుడివైపు గుండెలోకి రక్తం ఎక్కువ వస్తుంది, పల్మొనరీ వాల్వు కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. ఆ ఆలస్యం సెకనులో వందోవంతులు మూడో, నాలుగో. ఊపిరి వదిలితే రెండూ మళ్ళీ ఒకటైపోతాయి. గుండె పైగదుల మధ్య గోడకు రంధ్రం ఉన్న పిల్లల్లో మాత్రం పీల్చినా వదిలినా ఆ ఎడం అలాగే ఉంటుంది. ఒక పిల్లవాడి గుండెగోడలో రంధ్రం ఉందని సెకనులో మూడు వందోవంతుల ఎడం చెబుతోంది! ఇన్నేళ్ళ తర్వాతా నాకు దీని మీద ఆశ్చర్యం తీరలేదు.

మన చెవి దీనికోసం తయారైనది కాదు. లబ్‌డబ్‌ల బలమంతా సుమారు 20 నుంచి 150 హెర్ట్జ్‌ల మధ్యే ఉంటుంది. గుండె నీరసించిన పెద్దవాళ్ళలో వినబడే మూడో చప్పుడు, దళసరెక్కిన గుండెలో వినబడే నాలుగో చప్పుడు 50 హెర్ట్జ్‌లకు లోపే. మనిషి చెవి 20 హెర్ట్జ్‌ల నుంచి వినగలదని పుస్తకాలు రాస్తాయి గానీ, అంత కింద చప్పుడు చాలా గట్టిగా ఉంటేనే వినబడుతుంది. మన చెవి చురుకుదనమంతా రెండు మూడు వేల హెర్ట్జ్‌ల దగ్గర, మాటలు స్పష్టంగా తెలిసే చోట ఉంది. అంటే గుండె మాట్లాడేది మన చెవి బలహీనంగా ఉన్న చోట. మా గురువు గారు కళ్ళు మూసుకోమన్నది ఇందుకే.

డిజిటల్ స్టెతస్కోపు ఆ లోటును కొంత పూడుస్తుంది. ఛాతీ మీద పెట్టే బిళ్ళలో చిన్న మైకో, ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే స్ఫటికమో ఉంటుంది. అది అందుకున్న అలను సెకనుకు వేల సార్ల చొప్పున కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు బ్లూటూత్ మీద ఫోనులోకి వస్తాయి. చప్పుడు పెంచుకోవచ్చు, కింది హెర్ట్జ్‌లను మాత్రమే విడిగా వినవచ్చు, తెర మీద గీతగా చూడవచ్చు. చప్పుడును గీతగా చూడటం కొత్తేమీ కాదు. ఈసీజీకి 1924లో నోబెల్ అందుకున్న ఐంథోవెన్, 1894లోనే గుండె చప్పుళ్ళను గీతలుగా పట్టాడు. ఆ తర్వాత ఫోనోకార్డియోగ్రామ్ అనే యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో చాలాకాలం ఉన్నాయి. వాటికి నిశ్శబ్దమైన గది, చేయితిరిగిన టెక్నీషియను కావాలి. ఎకో వచ్చాక అవి మూలపడ్డాయి. ఇప్పుడు అదే పని జేబులో పట్టే వస్తువు చేస్తోంది. దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, బడి వరండాకూ తీసుకెళ్ళవచ్చు.

అయితే బడి వరండాలో గుండె ఒక్కటే చప్పుడు చెయ్యదు. పైన ఫ్యాను, పక్క గదిలో ఎక్కాలు, రోడ్డు మీద ఆటో. చొక్కా గుండీ బిళ్ళకు రాసుకుంటే వచ్చే బరబర అచ్చం జబ్బు చప్పుడులాగే ఉంటుంది. వేసవిలో తప్ప, బిళ్ళను అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టకపోతే పిల్లలు ఉలిక్కిపడతారు, అది కూడా రికార్డవుతుంది. ఫ్యాను ఆపించి, చొక్కా విప్పించి, నాలుగు చోట్ల పదిహేనేసి సెకన్లు బిళ్ళను కదలకుండా పట్టుకోవాలి. ఆ నిమిషం పాటు డాక్టరు నోరు మెదపకూడదు. వందమంది వరస కట్టిన ఓపీలో ఒక నిమిషం ఖరీదైనదే. కానీ రికార్డు చెయ్యాలంటే డాక్టరు ఆ నిమిషం ఇవ్వక తప్పదు. ఈ వస్తువులో నాకు బాగా నచ్చిన గుణం ఇదే.

ఇక కృత్రిమ మేధతో యంత్రం జబ్బును గుర్తుపట్టే సంగతి. మొదట అది రికార్డును ముక్కలు చేస్తుంది. ఎక్కడ లబ్, ఎక్కడ డబ్, మధ్య ఖాళీలు ఏవి అని గీతలు పెట్టుకుంటుంది. గుండె వేగంగా కొట్టుకునే పిల్లల్లో ఈ మొదటి మెట్టే కష్టం, ఎందుకంటే రెండు ఖాళీలూ దాదాపు సమానంగా ఉంటాయి. తర్వాత ఏ క్షణంలో ఏ హెర్ట్జ్‌ల బలం ఎంతుందో ఒక పటంలా వేసుకుని, ముందే నేర్చుకున్న వేల పటాలతో పోల్చుకుంటుంది. నేర్చుకోవడానికి చప్పుళ్ళు కావాలి. ఫిజియోనెట్ అనే సంస్థ 2016లో ప్రపంచంలోని పరిశోధకులందరికీ 3,126 రికార్డింగులు ఇచ్చి, మామూలు గుండెనూ జబ్బు గుండెనూ వేరుచేసే పోటీ పెట్టింది. 2022లో మళ్ళీ పెట్టిన పోటీకి చప్పుళ్ళు బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం నుంచి వచ్చాయి. 2014, 2015లలో అక్కడ జరిపిన శిబిరాల్లో 1,568 మంది నుంచి తీసిన 5,272 రికార్డింగులవి. అందులో ఎక్కువమంది పిల్లలే. ఏడుపులు, నవ్వులు, బిళ్ళ రాపిడి కూడా తీసెయ్యకుండా అలాగే ఉంచారు. మంచి పని చేశారు. నిశ్శబ్దంలో నేర్చుకున్న యంత్రం మన ఓపీలో పనికిరాదు. అమెరికాలో ఎకో అనే కంపెనీ తయారుచేసిన, మర్మర్‌ను పసిగట్టే సాఫ్ట్‌వేరుకు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జనవరిలో అనుమతిచ్చింది. (గుండె స్కానింగుకూ ఈ కంపెనీకీ పేరు తప్ప సంబంధం లేదు.)

మర్మర్ ఉందని పసిగట్టడం వేరు, జబ్బుందని తేల్చడం వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు మర్మర్ వినబడుతుంది. ఇంగ్లండు పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ 1909లో అలాంటి ఒకదాన్ని తీగ మీటినట్టుంటుందని వర్ణించాడు. ఈ రోజుకీ అది ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. ఆ పిల్లలకు ఏ జబ్బూ లేదు, మందూ అక్కర్లేదు. "మీ అబ్బాయికి గుండెలో చప్పుడుంది" అన్న ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి వాణ్ణి మెట్లెక్కనివ్వకుండా, ఆటలాడనివ్వకుండా కూర్చోబెట్టడం నేను చూశాను. తెర మీద యంత్రం ఎర్రరంగులో "మర్మర్ ఉంది" అని చూపితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. ఆ ఎర్ర అక్షరాలకూ తల్లి చెవికీ మధ్య విడమరిచి చెప్పే ఒక మనిషి తప్పకుండా ఉండాలి.

రెండోవైపు కూడా దాచకుండా చెప్పాలి. జబ్బు ఉండీ చప్పుడు లేని గుండెలు చాలా ఉన్నాయి. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లలను స్టెతస్కోపుతోనూ ఎకోతోనూ పరీక్షించారు. చెవికి దొరికిన రుమాటిక్ గుండె జబ్బు రెండు దేశాల్లోనూ వెయ్యికి ఇద్దరి చొప్పున. ఎకోలో దొరికింది కంబోడియాలో వెయ్యికి ఇరవై పైచిలుకు, మొజాంబిక్‌లో ముప్పై. పదింతలు. వాల్వు దెబ్బతినడం మొదలైనా అక్కడ చప్పుడు ఇంకా పుట్టలేదు. పుట్టని చప్పుడును ఏ యంత్రమూ వినలేదు. కాబట్టి డిజిటల్ స్టెతస్కోపు వచ్చింది, ఇక ఎకో అక్కర్లేదనే అమ్మకందారు మాటను నేను ఒప్పుకోను. ఎకో అందుబాటులో లేని చోట ఎవరిని ముందు పంపాలో చెప్పడం దాని పని. అది చిన్న పని కాదు.

ఎవరిని ముందు పంపాలనే మాటకు ముఖం ఉంటుంది. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఏడో తరగతి పిల్ల ఒకతి గుర్తొస్తుంది. బడికి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం విని, అనుమానం వచ్చి పంపారు. తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా, తల్లి కూలి. ఆరు నెలల కిందట పిల్లకు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. కొన్ని వారాలకు మోకాలు వాచింది. అది తగ్గగానే చీలమండ, తర్వాత మణికట్టు. "పెరిగే వయసు నొప్పులన్నారండి అందరూ" అంది తల్లి. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ మీద శరీరం చేసే యుద్ధం గురి తప్పి సొంత కీళ్ళ మీదా, గుండె వాల్వుల మీదా పడే రుమాటిక్ జబ్బు ఇది. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు వస్తుంది. కీళ్ళ నొప్పులు ఏ మచ్చా లేకుండా పోతాయి, వాల్వు మీది మచ్చ మిగిలిపోతుంది.

విన్నాను. లబ్‌తోనే మొదలై డబ్ దాకా ఆగకుండా సాగే ఊదుడు, ఎడమ చంకలోకి పాకుతోంది. మిట్రల్ వాల్వు సరిగా మూసుకోక రక్తం వెనక్కి చిమ్ముతున్న చప్పుడు. రికార్డు చేశాను. తల్లికి అర్థమయ్యేలా చెప్పడమే నాకు కష్టమనిపించింది, ఎందుకంటే పిల్ల ఎదురుగా నవ్వుతూ కూర్చుంది, నొప్పులూ లేవు. అప్పుడు ముందు ఆ తల్లి గుండెనే రికార్డు చేసి, చిన్న స్పీకరులో వినిపించాను. లబ్‌డబ్, లబ్‌డబ్. "ఇది నాదేనాండీ?" అని ఆమె చెయ్యి గుండెల మీదికి పోయింది. తర్వాత పిల్లది వినిపించాను. ఆమె ఒంగి, స్పీకరుకు చెవి దగ్గర పెట్టి, రెండోసారి వినిపించమంది. "మధ్యలో ఏదో తోలుతోందండి, నాదాన్లో లేదండి" అంది. వైద్యం చదవని ఆ తల్లి మర్మర్‌ను, అదీ సరైన చోట, గుర్తుపట్టింది. ఇరవై ఒక్క రోజులకోసారి పెన్‌సిలిన్ ఇంజెక్షను, బాగా నొప్పి పెట్టే ఇంజెక్షను, కనీసం పదేళ్ళు, అవసరమైతే నలభై ఏళ్ళ వయసు దాకా వేయించాలని చెప్పినప్పుడు ఆమె ఎందుకని అడగలేదు. ఎకోలో కూడా అదే తేలింది. ఆమె ఆ ఇంజెక్షను తప్పించలేదు. పిల్ల వచ్చినప్పుడల్లా కొత్త రికార్డు తీసి, పాతదాని పక్కన పెట్టి వినేవాణ్ణి. "తగ్గిందాండీ ఊదుడు?" అని ఆ తల్లి నాతోపాటు వినేది.

ఆ ఇంజెక్షను నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకు ఉగాండా నుంచి జవాబుంది. అక్కడ ఎకోలో తొలిదశలో దొరికిన ఎనిమిది వందల మంది దాకా పిల్లలను రెండేళ్ళు చూశారు. ఇంజెక్షను అందినవాళ్ళలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందికే, అందనివాళ్ళలో 8.2 శాతం మందికి. నెలకో సూది మందం తేడా అది.

ఇంట్లోవాళ్ళు గుండె చప్పుడు వినడం వల్ల మేలు జరగడం మా వృత్తిలో అంతకుముందూ ఉంది. లోహపు వాల్వు వేయించుకున్నవాళ్ళ ఛాతీలోంచి రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారై, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన మన దేశపు చిత్ర వాల్వు కూడా ఆ జాతిదే. అలాంటి వాల్వు ఉన్న ఒకాయన్ను భార్య రిక్షా ఎక్కించి తీసుకొచ్చింది. "రాత్రి నుంచి ఆ గడియారం చప్పుడు సరిగ్గా రావట్లేదండి, ఏదో గుడ్డ కప్పినట్టుంది" అంది. వాల్వు మీద గడ్డ కట్టింది. సమయానికి పై ఆసుపత్రికి చేరారు. రోజూ విన్న చెవి కాబట్టి తేడా పట్టుకుంది. నిన్నటి చప్పుడు గుర్తున్నవాళ్ళకే ఈ రోజు తేడా తెలుస్తుంది. రికార్డింగు ఉంటే, ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ నిన్నటి చప్పుడు రోగి వెంట వస్తుంది.

మా పిల్ల డాక్టర్ల చెవుల సంగతీ చెప్పాలి. 1997లో అమెరికాలో శిక్షణలో ఉన్న వైద్యులకు గుండె చప్పుళ్ళు వినిపించి పరీక్ష పెడితే, నూటికి ఇరవై మాత్రమే సరిగ్గా గుర్తుపట్టారు. మన దగ్గర అంతకంటే బాగుంటుందని చెప్పే ధైర్యం నాకు లేదు. కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను. ఏ చప్పుడైనా చెవికి పట్టుబడాలంటే మళ్ళీ మళ్ళీ వినాలి, వార్డులో రోగిని ఎన్నిసార్లని కూర్చోబెడతాం? ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ బారెట్ అనే అధ్యాపకుడు విద్యార్థులకు ఒక్కో మర్మర్‌ను ఐదు వందలసార్లు వినిపించాడు. వాళ్ళ గుర్తింపు ఎంతో మెరుగైందని 2004లో రాశాడు. సంగీతం నేర్చుకునేవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. మన బోధనాసుపత్రుల్లో ప్రతి వార్డులో తీసిన చప్పుళ్ళు, రోగుల పేర్లు తీసేసి, ఎకోలో ఏం తేలిందో పక్కన రాసి దాచి ఉంచితే, మన మెడికల్ కాలేజీలకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదు. మా ప్రొఫెసరు గారి చెవులకు దక్కని భాగ్యం అది.

నాకు భయాలు లేవని కాదు. కోవిడ్ కాలంలో, 2020లో, ఐఐటీ బొంబాయి బృందం బ్లూటూత్ మీద దూరం నుంచి వినగల స్టెతస్కోపు తయారుచేసింది. పీపీఈ సూటు వేసుకుని చెవులకు గొట్టాలు పెట్టుకోలేని వైద్యులకు అది గొప్ప సాయం. అవసరం కొద్దీ వచ్చిన దూరం అలవాటుగా మిగిలిపోతే మాత్రం నష్టం. ఛాతీ మీద బిళ్ళ పెట్టిన చెయ్యి, రెండో చెయ్యి నాడి మీద ఉన్నప్పుడు, చప్పుడు ఒక్కటే కాదు, చెమట తెలుస్తుంది, వణుకు తెలుస్తుంది. ఇంకోటి. ఆ బిళ్ళ ఆ పదిహేను సెకన్లలో మాటలు కూడా పట్టేస్తుంది. రికార్డింగు ఎక్కడికి పోతోంది, ఎవరి కంప్యూటరులో ఉంటోంది, ఏ కంపెనీ యంత్రానికి పాఠంగా మారుతోంది అని అడిగే హక్కు రోగికి ఉంది. చెప్పాల్సిన బాధ్యత డాక్టరుది.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే బృందాలు మన రెండు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీలకూ, బళ్ళకూ తిరుగుతూనే ఉన్నాయి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు రెండూ వాళ్ళు వెతకాల్సిన జాబితాలోనే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలుకాకముందే చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వం డబ్బు కట్టడం మొదలుపెట్టింది. కొయ్యడానికి డబ్బిచ్చిన ప్రభుత్వాలు వినడానికీ ఇవ్వాలి. ఒక్కో బృందానికి రికార్డు చేసే స్టెతస్కోపు ఒకటి, ఆ చప్పుడును జిల్లా ఆసుపత్రిలో విని రెండు రోజుల్లో జవాబు చెప్పే వైద్యుడు ఒకరు, ఆ పిల్ల ఆభా (డిజిటల్ ఆరోగ్య) ఖాతాలో ఆ రికార్డు పెట్టే ఏర్పాటు ఒకటి. పిల్ల పెద్దదై పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం వచ్చి ఏ ఆసుపత్రి మెట్లెక్కినా, ఆ డాక్టరు ఆమె పన్నెండో ఏటి గుండెను వినగలగాలి. మన ఫ్యాన్ల కింద, మన బడి గోలలో తీసిన మన పిల్లల చప్పుళ్ళతో యంత్రాలు పాఠాలు నేర్చుకుంటే, వాటి మాటను నేనింకా నమ్ముతాను.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పిల్లకు గొంతునొప్పీ జ్వరమూ వచ్చి, కొన్ని వారాలకు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే, పెరిగే వయసు నొప్పులని సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించి గుండె వినమనండి. పెన్‌సిలిన్ మొదలుపెడితే ఒక్క మోతాదు కూడా తప్పించకండి. డాక్టరు చప్పుడును రికార్డు చేస్తే మీరూ ఒకసారి విని, ఒక కాపీ అడిగి తీసుకోండి. బీరువాలో సంచీ ఉంది కదా, దాన్ని కూడా తేదీ వేసి అందులోనే దాచండి.